తాళంచెవులు ఇచ్చేశాం, అడ్వాన్సు రాలేదు

పాఠకుల ప్రశ్నలు, న్యాయ సలహాలు

మే, జూన్ నెలలలో మాకు వచ్చే ఉత్తరాలలో అద్దె ఇల్లు ఖాళీ చేసినవారి ఉత్తరాలే ఎక్కువగా ఉంటాయి. ఉద్యోగాల బదిలీలు, పిల్లల చదువుల మార్పులు ఈ రోజులలోనే వస్తాయి. ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న పట్టింపు ఉన్నవారు జ్యేష్ఠం దాటకముందే సామాను సర్దుకుంటారు. ఆ తొందరలో తాళంచెవులు ముందు చేతులు మారతాయి, అడ్వాన్సు లెక్క తరువాత చూసుకుందామన్న మాట మీద ఆగిపోతుంది. ఈసారి తిరుపతి, చిత్తూరు పాఠకులు పంపిన ఐదు ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది ఎక్కువమందికి ఎదురయ్యేది కాబట్టి దానికి కొంత విస్తారంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేము తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంటి పై అంతస్తులో మూడేళ్ల రెండు నెలలు బాడుగకు ఉన్నాము. నెల బాడుగ 11,000 రూపాయలు, చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్సు 50,000 రూపాయలు. అందులో 30,000 ఫోన్‌పే ద్వారా పంపాము, 20,000 నగదుగా ఇచ్చాము. నగదుకు రసీదు తీసుకోలేదు. నా భర్తకు కడపకు బదిలీ కావడంతో నలభై రోజుల ముందే ఓనరు గారికి చెప్పి జూన్ మొదటి వారంలో ఖాళీ చేశాము. కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం దగ్గర పడడంతో ఆ తెల్లవారుజామునే తాళంచెవులు ఓనరు గారి తల్లికి ఇచ్చి బయలుదేరాము. పది రోజుల తరువాత ఆయన వాట్సాప్‌లో లెక్క పంపారు: “మీ అడ్వాన్సు 50,000లో ఇల్లంతా పెయింటింగుకు 18,000, బాత్రూమ్ టైల్స్ శుభ్రం చేయించినందుకు 4,000, దోమల మెష్, వంటింటి కుళాయి కలిపి 3,500, కరెంటు బిల్లు 1,140 పోను 23,360 మిగులుతుంది. కొత్తవాళ్లు చేరి అడ్వాన్సు ఇచ్చాక పంపిస్తాను.” మెష్‌ను మా బాబు చించిన మాట నిజమే. హాలులో ఒక గోడ మీద వాడు క్రేయాన్లతో గీతలు కూడా గీశాడు. మిగిలినవేవీ మేము పాడుచేసినవి కావు. అగ్రిమెంటు మొదట పదకొండు నెలలకు రాసుకున్నాము, తరువాత మళ్లీ రాసుకోలేదు. అందులో పెయింటింగు మాటే లేదు. ఇంత కోత న్యాయమేనా? ఇప్పుడు మేము ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, అడ్వాన్సు అనే మాటే మనవాళ్లను కొంత తప్పుదారి పట్టిస్తుంది. అది ముందుగా కట్టిన బాడుగ కాదు, ఇల్లు ఇచ్చినందుకు చెల్లించిన రుసుమూ కాదు. మీరు బాడుగ ఎగవేసినా, ఇంటికి నష్టం కలిగించినా ఆ మేరకు రాబట్టుకోవడానికి యజమాని దగ్గర పూచీగా ఉంచిన మీ సొమ్ము అది. కాబట్టి కోత విధించే ప్రతి రూపాయికీ కారణం చూపవలసిన బాధ్యత యజమానిది. “ఎందుకు తిరిగి ఇవ్వాలి” అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. “ఎందుకు పట్టుకున్నారు” అని అడగవలసినది మీరు.

ఇక కోతల సంగతి చూద్దాము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ అద్దెకు ఉన్నవారి బాధ్యతలను చెబుతుంది. ఇంటిని ఏ స్థితిలో తీసుకున్నారో ఆ స్థితిలోనే తిరిగి అప్పగించాలని చెబుతూనే, సహజమైన వాడకం వల్ల కలిగే అరుగుదలను, ఎవరూ ఆపలేని విపత్తుల వల్ల కలిగిన మార్పులను అది మినహాయించింది. మీ వివాదమంతా ఆ మినహాయింపులోనే ఉంది. మనుషులు కాపురం ఉన్న ఇల్లు మూడేళ్లకు కొంత అరుగుతుంది. ఎండ పడే గోడ వెలిసిపోతుంది, పొయ్యి వెనుక గోడకు జిడ్డు పడుతుంది, క్యాలెండరుకు, దేవుడి పటానికి కొట్టిన మేకుల దగ్గర చిన్న బొక్కలు మిగులుతాయి. వీటికి బాడుగదారు బాధ్యుడు కాడు, ఎందుకంటే ఆ అరుగుదలకు తగిన ప్రతిఫలం ప్రతి నెలా బాడుగ రూపంలో యజమానికి ముట్టింది. మూడేళ్ల తరువాత ఇల్లంతా రంగు వేయించడం యజమాని తన ఆస్తిని కాపాడుకోవడానికి, కొత్తవారికి చూపించుకోవడానికి పెట్టుకునే ఖర్చు. మీ దగ్గర 18,000 రూపాయలు పట్టుకోవడానికి ఆధారం లేదు.

అయితే రెండు మాటలు నిజాయితీగా చెప్పుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కోసం ఒక నెల బాడుగ మినహాయిస్తామని అగ్రిమెంటులో రాసి ఉంటే, దానికి సంతకం చేసినవారు కట్టుబడవలసి వస్తుంది. ఈ షరతు మన ఊళ్లలోని అగ్రిమెంట్లలో తరచుగా కనిపిస్తుంది కనుక ఇతర పాఠకులు తమ కాగితాన్ని ఒకసారి తీసి చదువుకోవాలి. మీ కాగితంలో ఆ షరతు లేదు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. రెండవది, క్రేయాన్ గీతలు పడిన గోడను సహజమైన అరుగుదల అనలేము. ఆ ఒక్క గోడకు రంగు, కూలి ఎంత అవుతాయో అంత మీరు ఇవ్వడం ధర్మం. మెష్ కూడా అంతే, అసలు బిల్లు ప్రకారం ఇవ్వండి.

బాత్రూమ్ టైల్స్ విషయంలో మీ ఓనరు గారికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి కింద, నేల మూలలలో తెల్లని ఉప్పు పొర పేరుకోవడం మన ప్రాంతంలో ఎవరైనా చూసేదే. కడిగే కొద్దీ కొంత పోతుంది, నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. అది నీటి గుణం, మీ నిర్లక్ష్యం కాదు. ఇల్లు అప్పగించే ముందు మామూలుగా కడిగి ఇచ్చి ఉంటే మీ బాధ్యత తీరినట్టే. టైలు పగిలి ఉంటే, లేదా యాసిడ్ పోసి మెరుపు పోగొట్టి ఉంటే అది వేరు. కుళాయి కూడా వాడుకలో అరిగి కారేదే కనుక ఆ ఖర్చు యజమానిదే. కరెంటు బిల్లు మాత్రం మీరు వాడుకున్న యూనిట్లకు సంబంధించినది, పూర్తిగా మీదే. ఖాళీ చేసిన రోజు మీటరు రీడింగు ఫోటో మీ దగ్గర ఉంటే, ఆ తరువాతి యూనిట్లు బిల్లులో కలిశాయో లేదో సరిచూసుకోవచ్చు.

కరెంటుకు 1,140, మెష్‌కు సుమారు 900, ఒక గోడకు సుమారు 2,500 అనుకుంటే మొత్తం 4,540 రూపాయలు. మిగిలిన 45,460 రూపాయలు మీకు రావలసినవే. మెష్, గోడ అంకెలు నా అంచనాలు మాత్రమే, ఓనరు గారు బిల్లు చూపితే ఆ మేరకు సరిచేసుకోండి. తగ్గించుకోవలసినది మీరే ముందుగా ఒప్పుకోవడం మీ బలాన్ని పెంచుతుంది. పైసా కూడా తగ్గించనని పట్టుబట్టే మనిషి కంటే, తన వల్ల జరిగిన నష్టాన్ని లెక్కగట్టి చెప్పే మనిషి మాటకే మధ్యవర్తి దగ్గరా, న్యాయస్థానంలోనూ విలువ ఎక్కువ.

కొత్తవాళ్లు చేరాకే డబ్బు ఇస్తానన్న షరతుకు చట్టంలో గాని, మీ అగ్రిమెంటులో గాని చోటు లేదు. చాలామంది యజమానులు అడ్వాన్సు సొమ్మును పై అంతస్తు కట్టడానికో, పిల్లల ఫీజులకో ఖర్చు చేసుకుంటారు, ఖాళీ చేసినప్పుడు చేతిలో డబ్బు ఉండదు. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ అది ఆయన సర్దుబాటు చేసుకోవలసిన కష్టం, దానికి మీ సొమ్ము నెలల తరబడి ఆగిపోకూడదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని, ఖాళీ ఇంటిని స్వాధీనం చేసుకునే రోజే బకాయిలు పోను మిగిలినది తిరిగి ఇవ్వాలని చెప్పింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకున్న మేరకే అమలవుతుంది. అయినా న్యాయమైన పద్ధతి ఏదో చెప్పడానికి మీ లేఖలో దానిని పేర్కొనవచ్చు.

అగ్రిమెంటు గడువు పదకొండు నెలలకే తీరిపోయిందని మీరు భయపడవద్దు. గడువు తరువాత కూడా మీరు ఉంటూ, యజమాని బాడుగ తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో నెలనెలా సాగే అద్దెగా చట్టం దానిని గుర్తిస్తుంది. ఆస్తి బదిలీ చట్టంలోని 116వ సెక్షన్ చెప్పేది ఇదే.

నగదుగా ఇచ్చిన 20,000 రూపాయలకు రసీదు లేదని మీరు దిగులు పడ్డారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ధైర్యం కలిగించినది ఓనరు గారి వాట్సాప్ సందేశమే. “మీ అడ్వాన్సు 50,000లో” అని ఆయనే రాశారు. ముట్టిన మొత్తం ఎంతో ఆయన స్వయంగా ఒప్పుకున్నట్టే కదా! ఆ సంభాషణను చెరిపివేయకండి, ఫోను మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోండి, ఆయన పేరు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు దాచుకోండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ఎలక్ట్రానిక్ రికార్డులు సాక్ష్యంగా చెల్లుతాయి, నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. కోర్టు దాకా వెళితే ఆ పని మీ న్యాయవాది చూసుకుంటారు. ఆ నగదు బ్యాంకు నుంచి తీసి ఇచ్చి ఉంటే ఆ రోజు పాసుబుక్కు పద్దును కూడా జతచేయండి.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని ఫోనులో వాదన ఆపి కాగితం మీద రాయడం. ఇటువంటి నాలుగు వాక్యాలు చాలు: “మీ ఇంట్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు బాడుగకు ఉండి, ఆ రోజు తాళంచెవులు మీ తల్లిగారికి అప్పగించాము. మీ వద్ద ఉన్న మా అడ్వాన్సు 50,000 రూపాయలలో కరెంటు బిల్లు 1,140, మెష్‌కు, హాలులోని ఒక గోడకు బిల్లుల ప్రకారం అయ్యే ఖర్చు తగ్గించుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. మిగిలిన పెయింటింగు, టైల్స్, కుళాయి ఖర్చులు సహజమైన అరుగుదలకు చెందినవి కాబట్టి మేము అంగీకరించడం లేదు. ఈ లేఖ అందిన 15 రోజులలో మిగిలిన సొమ్మును ఈ క్రింది ఖాతాకు పంపగలరు, లేని పక్షంలో ఈ లేఖ తేదీ నుంచి వడ్డీతో సహా రాబట్టుకోవడానికి చట్టపరమైన చర్య తీసుకుంటాము.” వడ్డీ మాట తప్పక రాయండి. వడ్డీ అడుగుతామని లిఖితపూర్వకంగా తెలియజేసిన తేదీ నుంచి దానిని కోరే వీలు 1978 నాటి వడ్డీ చట్టంలో ఉంది. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసింది కాబట్టి, అందినట్టు సంతకంతో కూడిన రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదును భద్రపరచండి. అదే లేఖ ఫోటోను వాట్సాప్‌లో కూడా పంపండి. నా అనుభవంలో సగానికి పైగా వ్యవహారాలు ఈ లేఖ దగ్గరే తెమిలిపోయాయి.

తెమలకపోతే నేరుగా దావాకు వెళ్లనవసరం లేదు. తిరుపతి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. అక్కడ తెల్లకాగితం మీద అర్జీ రాసి, లేఖ, పోస్టు రసీదు, స్క్రీన్‌షాట్ల నకళ్లు జతచేసి ఇస్తే, దావా వేయకముందే పరిష్కరించే వ్యవహారంగా తీసుకుని అవతలివారికి నోటీసు పంపుతారు. దీనికి రుసుము లేదు. ఇద్దరూ రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో అవార్డు ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అంటే ఒప్పుకున్న తేదీకి డబ్బు ఇవ్వకపోతే మళ్లీ మొదటి నుంచి వాదించకుండా నేరుగా అమలు కోరవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. కడప నుంచి తిరగడం కష్టమనుకుంటే ముందుగా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోండి. రాజీ కుదరకపోతే మిగిలేది దావా. రాష్ట్రానికి 2017లో చేసుకున్న సొంత అద్దె చట్టం ఉంది కనుక, మీ వ్యవహారం ఆ చట్టం కింద వేయాలా, సివిల్ కోర్టులో సొమ్ము రాబట్టే దావాగా వేయాలా అన్నది మీ కాగితాలు చూసి న్యాయవాది తేల్చాలి. సొమ్ము దావాకు గడువు మూడేళ్లు. ఖాళీ చేసిన రోజు నుంచే ఆ మూడేళ్లను లెక్కపెట్టుకుని జాగ్రత్త పడండి. పోలీసు స్టేషనుకు వెళ్లమని బంధువులు చెబుతారు. బెదిరింపో, సామాను ఆపుకోవడమో లేనప్పుడు ఇది సివిల్ వ్యవహారమని వారు పంపించివేస్తారు, మీకు రోజులు వృథా అవుతాయి.

ఇరవై ఏళ్ల క్రితం నేను కొర్లగుంటలో ఒక ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీలాగే తాళంచెవులు ముందు ఇచ్చాను. ఇంటి యజమాని మరునాడు టార్చిలైటు పట్టుకుని గది గదికీ తిరిగి, గోడలకు ఉన్న మేకు బొక్కలను వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. నాకు ముందు ఉన్నవారు కొట్టినవి ఏవో, నేను కొట్టినవి ఏవో చెప్పడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. నాలుగుసార్లు తిరిగి, సగం సొమ్ముతో సరిపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి, అడిగిన ప్రతివారికీ నేను చెబుతున్నది ఒకే పద్ధతి. సామాను లారీ ఎక్కిన తరువాత, ఖాళీ ఇంట్లో పగటి వెలుతురులో యజమానితో కలిసి ప్రతి గదీ తిరగాలి. గోడలు, తలుపులు, కుళాయిలు, ఫ్యాన్లు, మీటరు రీడింగు వీడియో తీయాలి. కోతలు ఉంటే అక్కడే ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. డబ్బు ఖాతాలో పడిన తరువాత తాళంచెవులు ఇవ్వాలి. ముహూర్తం ఉంటే కొత్త ఇంట్లో పాలు పొంగించి వచ్చి, పాత ఇంటి అప్పగింతకు వేరుగా ఒక రోజు పెట్టుకోండి. అందుకు రెండు రోజుల బాడుగ ఎక్కువైనా నష్టం లేదు.

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం తిరుపతి పద్మావతి నగర్‌లో ఒక పోర్షన్ తీసుకుని చదువుకుంటున్నాము. అడ్వాన్సు 30,000 రూపాయలను తలా 10,000 వేసుకుని ఇచ్చాము, అగ్రిమెంటు మాత్రం ఒకరి పేరు మీదే ఉంది. నాకు ఉద్యోగం రావడంతో వెళ్లిపోతున్నాను. నా వాటా ఇవ్వమంటే ఓనరు “అగ్రిమెంటులో నీ పేరు లేదు” అంటున్నారు. మిగిలిన ఇద్దరూ తమ దగ్గర డబ్బు లేదంటున్నారు.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఓనరు గారి మాటలో తప్పు లేదు. ఇల్లు ఇంకా ఖాళీ కాలేదు, ఆయన ఒప్పందం మీ స్నేహితునితో ఉంది. మీ 10,000 రూపాయలు మీకు రావలసినది మీ స్థానంలో చేరే వ్యక్తి నుంచి, లేదా మిగిలిన ఇద్దరి నుంచి. కొత్త వ్యక్తి చేరిన రోజే అతని చేత మీకు నేరుగా ఖాతాలో వేయించుకుని, “ఫలానా వ్యక్తి వాటా ఇకపై ఈ వ్యక్తిది” అని ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం చేయండి, ఓనరు గారి సంతకం కూడా పెట్టించండి. ఆయనకు దాని వల్ల పోయేదేమీ లేదు కాబట్టి సాధారణంగా కాదనరు. అప్పటివరకు మీరు మొదట పంపిన 10,000 రూపాయల పద్దును దాచుకోండి.

ప్రశ్న: నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయురాలిని. నా కింది పోర్షన్‌లో ఉన్నవారు రెండు నెలల బాడుగ 17,000, కరెంటు బిల్లు 2,300 కట్టకుండా, వాష్ బేసిన్ పగలగొట్టి, ఒక రాత్రి ఖాళీ చేసి వెళ్లిపోయారు. అడ్వాన్సు 20,000 మాత్రమే నా దగ్గర ఉంది. బేసిన్ మార్పించడానికి 3,200 అయింది. ఇప్పుడు వాళ్లు ఫోన్ చేసి అడ్వాన్సు తిరిగి ఇవ్వమంటున్నారు. వాళ్ల బీరువా ఒకటి నా ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని అమ్మి నా బాకీ తీర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఈ శీర్షికకు యజమానుల ఉత్తరాలు తక్కువగా వస్తాయి, రాసినందుకు సంతోషం. మొదటి జవాబులో యజమాని కారణం చూపాలని రాశాను. మీ దగ్గర కారణాలు ఉన్నాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. బాడుగ, కరెంటు, బేసిన్ కలిపి 22,500 రూపాయలు అయ్యాయి. అడ్వాన్సు 20,000 అందులో పోగా వారే మీకు 2,500 ఇవ్వవలసి ఉంది. ఈ లెక్కను బిల్లుల నకళ్లతో సహా వారి ప్రస్తుత చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. పగిలిన బేసిన్ ఫోటో తీసి ఉంచారో లేదో మీరు రాయలేదు. లేకపోతే దానిని మార్చిన ప్లంబరు చేత బిల్లు మీద ఏం మార్చారో రాయించుకోండి.

కరెంటు బిల్లు మాత్రం ఆలస్యం చేయకండి. సర్వీసు నంబరు మీ ఇంటిది, బకాయి ఉంటే సరఫరా ఆగేది మీ మీటరుకే. మీరు కట్టి, ఆ రసీదును మీ లెక్కలో చేర్చండి.

బీరువాను అమ్మవద్దు. అది వారి ఆస్తి. బాకీ ఉన్నారని యజమాని తనంతట తాను సామాను అమ్ముకోవడాన్ని చట్టం ఒప్పుకోదు, పైగా అందులో నగలు ఉన్నాయని వారు తరువాత అంటే మీరు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఇద్దరు ఇరుగుపొరుగు వారిని సాక్షులుగా పెట్టుకుని బీరువా ఉన్న స్థితిని ఫోటో తీయండి, తెరవకండి. 15 రోజులలో వచ్చి తీసుకెళ్లమని, 2,500 బాకీ చెల్లించమని లేఖలోనే రాయండి. ఆ బాకీ కోసం చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను మీరు కూడా ఆశ్రయించవచ్చు.

ప్రశ్న: చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో ఒక ఇల్లు మూడేళ్ల భోగ్యానికి తీసుకున్నాము. 5 లక్షల రూపాయలు బ్యాంకు ద్వారానే ఇచ్చాము, నెల బాడుగ లేదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాము, రిజిస్టర్ చేయించలేదు. రెండు నెలలలో గడువు తీరుతుంది. ఓనరు “నా దగ్గర డబ్బు లేదు, ఇంకో రెండేళ్లు ఉండండి” అంటున్నారు. మేము బెంగళూరు వెళ్లవలసి ఉంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: భోగ్యం బాడుగ కంటే భిన్నమైన వ్యవహారం. మీరు ఇచ్చిన సొమ్ముకు వడ్డీ బదులు ఇంట్లో ఉంటున్నారు, సొమ్ము తిరిగి వచ్చేదాకా ఇల్లు మీ స్వాధీనంలో ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో చెప్పిన తనఖా రకాలలో ఇదీ ఒకటి. అయితే 100 రూపాయలు, అంతకు మించిన సొమ్ముకు ఇటువంటి తనఖా చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో రాసి రిజిస్టర్ చేయించిన పత్రం ఉండాలని 59వ సెక్షన్ అంటుంది. మన జిల్లాలో లక్షల రూపాయల భోగ్యాలు ఒక స్టాంపు కాగితం మీద నడుస్తుండడం చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది. రిజిస్టర్ కాకపోవడం వల్ల సొమ్ము వచ్చేదాకా ఇంట్లో ఉంటానని నిలబడే మీ బలం తగ్గుతుంది. కానీ ఇచ్చిన 5 లక్షలు తిరిగి అడిగే హక్కు పోదు, బ్యాంకు ద్వారా ఇచ్చారు కాబట్టి రుజువుకూ లోటు లేదు.

గడువు తీరకముందే, డబ్బు తిరిగి కావాలని, ఏ తేదీకి ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉన్నారో లిఖితపూర్వకంగా తెలియజేయండి. మీరు కుటుంబంతో వెళ్లిపోయినా ఇంటి తాళం, కొంత సామాను మీవిగానే ఉంచండి. సాధారణంగా ఇటువంటి చోట కొత్తగా భోగ్యానికి వచ్చేవారి సొమ్ముతోనే పాతవారిని పంపిస్తారు. అలా జరిగితే ముగ్గురూ ఒకే రోజు బ్యాంకులో కూర్చుని, సొమ్ము మీ ఖాతాకు చేరిన తరువాతనే తాళం అప్పగించండి. ఓనరు గారు గడువు అడిగితే నోటిమాటగా ఒప్పుకోవద్దు. “మీకు 5 లక్షలు ఇవ్వవలసి ఉన్నాను, ఫలానా తేదీలోగా ఇస్తాను” అని ఆయన సంతకంతో రాయించుకోండి. మూడేళ్ల దావా గడువు దాటకముందు బాకీని ఒప్పుకుంటూ చేసిన సంతకం ఆ గడువును ఆ తేదీ నుంచి మళ్లీ మొదలుపెడుతుంది.

ఈలోగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఆ ఇంటి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి చూడండి, ఇంటి ఒరిజినల్ పత్రాలు ఎక్కడ ఉన్నాయో ఓనరు గారిని అడగండి. పత్రాలు బ్యాంకులో ఉన్నాయంటే ఇంటి మీద అప్పు ఉన్నట్టే. అప్పు కట్టకపోతే బ్యాంకు ఇంటిని వేలానికి పెడుతుంది, అప్పుడు మీ కాగితాన్ని బ్యాంకు లెక్కపెట్టదు. ఆ సంగతి తేలితే రెండు నెలలు ఆగకుండా వెంటనే న్యాయవాదిని కలవండి. భోగ్యానికి ఇల్లు చూస్తున్న ఇతర పాఠకులు ఈ రెండు పనులూ డబ్బు ఇవ్వకముందే చేయాలి.

ప్రశ్న: మేము బాడుగకు ఉన్న ఇంటిని ఓనరు వేరే వారికి అమ్మేశారు. వచ్చే నెల ఖాళీ చేస్తున్నాము. అడ్వాన్సు 40,000 కొత్త ఓనరును అడిగితే పాతవారిని అడగమంటున్నారు, పాతవారు కొత్తవారిని అడగమంటున్నారు.
– ఒక పాఠకుడు, అవిలాల, తిరుపతి

జవాబు: ఇల్లు అమ్మినంత మాత్రాన మీ విషయంలో పాత యజమాని బాధ్యత తీరిపోదని ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ చెబుతుంది. కొత్త యజమానినే బాధ్యునిగా ఎంచుకోవాలా అన్నది మీ ఇష్టం. మీరు అలా ఎంచుకుంటే మాత్రం పాతవారిని అడిగే దారి మూసుకుపోతుంది. అందుకని తొందరపడి ఒకరిని వదిలిపెట్టకండి. ఒకే లేఖను ఇద్దరి పేరా రాసి, అడ్వాన్సు సొమ్ము అమ్మకం లెక్కలో సర్దుబాటు అయిందో లేదో తెలియజేయమని అడగండి. అమ్మకపు దస్తావేజులో బాడుగదారుల అడ్వాన్సు కొత్త యజమానికి బదిలీ అయినట్టు రాసి ఉంటే వివాదం అక్కడే తీరుతుంది. దాని నకలును సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి పొందవచ్చు. ఇద్దరూ జవాబు ఇవ్వకపోతే న్యాయ సేవా కమిటీలో ఇచ్చే అర్జీలో ఇద్దరినీ ఎదుటి పక్షంగా చూపండి. వచ్చే నెల తాళంచెవులు అప్పగించేటప్పుడు కొత్త యజమాని చేత, ఏ రోజు, ఏ స్థితిలో ఇల్లు అందిందో రాసిన కాగితం మీద సంతకం తీసుకోవడం మరవకండి.